నీళ్ల మీద నిలబడిన చంద్రిక

నగరిలో కరెంటు మగ్గం చెడిపోతే ఎవరైనా ఫిట్టర్‌కు ఫోన్ చేస్తారు. మురుగేష్ షెడ్డులో మాత్రం ఫిట్టర్‌తో పని పడేది కాదు. అతని భార్య చంద్రిక చీర కుచ్చెళ్లు ఎత్తి నడుముకు దోపుకుని, స్పానరు పట్టుకుని తానే మగ్గం కిందికి దూరేది. వాళ్ల నాయన గురప్ప మగ్గాల ఫిట్టరు. పిచ్చాటూరు దగ్గర, ఆరణియారు జలాశయం వెనకున్న పల్లె ఆయనది. పొద్దున బస్సెక్కి నగరికి వచ్చి, షెడ్డు షెడ్డూ తిరిగి పని చేసుకుని, పొద్దుగూకాక పోయేవాడు. బడి సెలవుల్లో కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేవాడు. బోల్టు ఎంతవరకు తిప్పాలో, ఎక్కడ ఆపాలో చంద్రిక చేతికి అప్పుడే పట్టుబడింది.

ఆ వయసులో ఆమెకు పట్టుబడిన రెండో విద్య ఈత. పల్లెలో మోటారు బావులు, వెనక జలాశయం. అన్న యోగానంద ఎక్కడ దూకితే చెల్లెలూ అక్కడ దూకేది. పెద్దమనిషైన ఏడాది అమ్మ నీళ్లలో దిగడం మాన్పించింది. తర్వాత పెళ్లి, నగరి, షెడ్డు, కూతురు లోహిత. నగరి పక్కన ఏరుంది గానీ, వానల్లో నీళ్లొస్తే వంతెన మీద నిలబడి చూడ్డానికే తప్ప ఇల్లాలు ఈత కొట్టడానికి కాదు. తిరుపతికి బస్సులో పోయేటప్పుడు కిటికీలోంచి చెరువు కనబడితే, అది కనుమరుగయ్యేదాకా చంద్రిక మెడ తిప్పి చూస్తూనే ఉండేది. పక్కన కూర్చున్న మురుగేష్ అది గమనించేవాడు. అతనికి నీళ్లంటే భయం. చిన్నప్పుడు ఏటి సుడిలో పడితే ఎవరో జుట్టు పట్టి బయటికి లాగారు. అప్పట్నుంచి మోకాలి లోతు దాటి దిగింది లేదు.

యోగానంద చెన్నై అవతల సముద్రపు ఒడ్డున, టూరిస్టులను నీళ్ల బండ్లెక్కించే దుకాణంలో మెకానిక్కుగా ఉండేవాడు. ఒకరోజు చిన్న లారీలో ఒక వస్తువు వేసుకుని నేరుగా చెల్లెలి షెడ్డు ముందు దిగాడు. మీద కప్పిన టార్పాలిన్ పట్టా తీసి చూపించాడు. చిన్న పడవంత పొడుగు, ముందు మూతి సన్నం, మీద ఒక మూత, మూతి దగ్గర్నుంచి వెనక్కి వంగిన పొడుగాటి కడ్డీ, దాని చివర హ్యాండిలు. కూర్చోవడానికి సీటు లేదు. వెనక మనిషి నిలబడేందుకు తొట్టిలాంటి చోటు మాత్రం ఉంది.

"జెట్ స్కీ అంటారు దీన్ని. బీచిలో కూచోని నడిపేవి సూసుంటావు గదా, ఇది నిలబడి నడిపేది" అన్నాడు యోగానంద. "మా ఓనరు దుకాణం మూసేసినాడు. మంచి బండ్లన్నీ అమ్మేసినాడు. ఇది నడవక మూలన పడుండాది. నీ సేతికైతే లొంగుతాదని తెచ్చినాను."

మురుగేష్ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఇది తీసుకోని ఏం సేసేది బావా? ఈడ నీళ్లు యాడుండాయి?"

"మా ఊళ్లో ఉండాయి మామా" అంది చంద్రిక. మురుగేష్ వంగి బండికి ఒక పక్క చేయి వేశాడు.

బండి షెడ్డులో నూలు మూటల పక్కన చేరింది. ఇంజను పాత మోపెడ్ల జాతిదే, పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాలి. కార్బురేటరు నిండా ఉప్పు పట్టింది. చంద్రిక దాన్ని ఊడదీసి కడిగింది, ప్లగ్గులు మార్చింది, తుప్పు పట్టిన స్టార్టరును తిరుత్తణిలో తెలిసినతని దగ్గర బాగు చేయించింది. ఇంజన్ను చల్లబరిచేది కింద పంపు లాగే నీళ్లే కాబట్టి, బయట ఉన్నప్పుడు పైపుతో నీళ్లివ్వాలని అన్న ఫోన్లో చెప్పాడు. ఒక సాయంత్రం పెరట్లో పైపు తగిలించి బటన్ నొక్కింది. నీలం పొగ కమ్మి, పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసేంత మోత మోగి, ఇంజను అందుకుంది. చంద్రిక రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంటూ, అది ఆగిపోతుందేమోనన్నట్టు కళ్లార్పకుండా చూసింది.

కార్తీకం వానలకు జలాశయం నిండింది. ఆదివారం బండిని నూలు మూటలు మోసే తమ చిన్న లారీలో వేసుకుని మొగుడూ పెళ్లాం పల్లెకు పోయారు. అక్కడ చేపలు పట్టే చెంగయ్య, గురప్ప బతికున్నప్పుడు ఆయనకు దోస్తు. ముందుగా ఆయన్నే అడిగింది చంద్రిక.

"వలలు ఎత్తేసినాక దించుకో పాపా. తూము పక్కకీ కట్ట పక్కకీ మాత్రం పోవద్దు. ఈ వెనకంతా నీదే" అన్నాడు చెంగయ్య.

కూతురి పాత స్పోర్ట్స్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు, మీద అన్న ఇచ్చిన లైఫ్ జాకెట్ వేసుకుని చంద్రిక నీళ్లలోకి నడిచింది. నడుము దాకా మునిగేసరికి ఒళ్లు ఝల్లుమంది. ఒడ్డున బట్టలుతుకుతున్న ఒక ముసలామె చెయ్యి ఆపి, "ఏమ్మే, ఈ వయసులో నీళ్లలో ఏంది?" అంది.

"బండి నేర్చుకుంటాండా పెద్దమ్మా."

"ఓ" అని ఆమె మళ్లీ బట్టలు ఉతుక్కోసాగింది. అంతే. ఇన్నేళ్లూ ఊరికే ఈత కొడతానంటే ఎవరికి ఏం జవాబు చెప్పుకోవాలో తెలియలేదు. బండి నేర్చుకుంటానంటే ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. చంద్రికకు లోపల్లోపల నవ్వొచ్చింది.

నేర్చుకోవడం మాత్రం అంత సులువుగా లేదు. వెనక తొట్టిలో బోర్లా పడుకుని బండి కదిలించాలి, కదిలాక మోకాళ్ల మీదికి రావాలి, ఆ తర్వాత లేచి నిలబడాలి. చంద్రిక మోకాళ్ల దాకా వచ్చేది, ఒక కాలు ఎత్తగానే బండి పక్కకు ఒరిగి ఆమెను పడేసేది. మళ్లీ ఎక్కేది, మళ్లీ పడేది. ఆరోజంతా అదే వరస. పడ్డ ప్రతిసారీ నీళ్లలో కాసేపు ఆలస్యం చేసి మరీ లేచేది కాబట్టి ఆమెకు పెద్ద బాధనిపించలేదు. ఒడ్డునున్న మురుగేషే, తల కనబడేదాకా నీళ్ల అంచున అటూ ఇటూ తిరిగేవాడు.

రాత్రి అన్నకు ఫోన్ చేసింది.

"నువ్వు బయపడి మెల్లిగా పోనిస్తాండావు" అన్నాడు యోగానంద. "మెల్లిగా పోతే అది నిలబడదు. సైకిలు మాదిరే. యాక్సిలేటరు గట్టిగా వొత్తు, అదే నిలబడతాది."

"నాకేం బయం లేదన్నా. బండే ఒరిగిపోతాంది."

"సరేలే. అయితే రెండు మార్సు. కాళ్ల కింద జారకుండా రబ్బరు ఎయ్యి. సేతికి తాడు స్విచ్చి కట్టు. ఇంకేం ముట్టుకోవద్దు. ముందు నేర్సుకో, బండిని కోసేది తర్వాత."

చంద్రిక ఆ రెండూ చేసింది. ఆవుల కొట్టాల్లో పరిచే గరుకు రబ్బరు చాప తెచ్చి, తొట్టి కొలతకు కోసి గమ్ముతో అతికించింది. మణికట్టుకు కట్టుకునే తాడొకటి, దాని కొసన క్లిప్పు. మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడి ఇంజను ఆగిపోతుంది. రెండూ చక్కగా కుదిరాయి. కాళ్లు జారడం ఆగింది. పడ్డప్పుడు బండి తన దారిన తాను పోకుండా పక్కనే ఆగింది. ఎవరైనా అక్కడితో తృప్తి పడేవాళ్లే. చంద్రికకు మాత్రం ఇంకా ఏదైనా చెయ్యాలని చేతులు దురద పెట్టాయి. పదును పెట్టిన కత్తెర దొరికిన మనిషిలా బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ఆ వారం నూలు రాక మగ్గాలు ఆగాయి. షెడ్డంతా నిశ్శబ్దం, ఆమెకు బోలెడంత తీరిక. ముందు బండి మూత తీసి లోపల వెతికింది. మూతి భాగంలో నారింజ రంగు ఫోము కుక్కి ఉంది. వేలితో నొక్కితే నీళ్లు కారాయి. ఇన్నేళ్లుగా స్పాంజిలా నీళ్లు పీల్చుకుని రాయిలా బరువెక్కింది. ఈ బరువుకే బండి ఒరుగుతోందనుకుని, గరిటె కాడతో గీకి గీకి మొత్తం బయటికి తీసింది. పెరట్లో గుట్ట పడింది. ఆ తర్వాత ఇద్దరు పట్టుకుని ఎత్తితే బండి అవలీలగా లేచింది.

"తేలికైపోయినాది సూడు మామా" అంది సంబరంగా.

"అది దేనికి పెట్టినారో మీ అన్నను అడిగినావా?"

"తడిసిపోయిన ఫోముకు ఏం పని? తర్వాత కొత్తది ఏస్తాంలే."

తర్వాత, ఒరిగిపోకుండా రెండు పక్కలా రెక్కల్లాంటివి పెట్టాలనుకుంది. పూతలపట్టులో హరినాథ్ అని, పెళ్లి మండపాలకు ఫైబర్‌తో హంసలూ గుర్రాలూ చేసే మనిషి ఉన్నాడు. రెండు పీవీసీ పైపులు నిలువుగా చీల్చి, వాటికి ఫైబర్ పూత పోయించుకోవడానికి అతని దగ్గరికి పోయింది. హరినాథ్ పని బాగానే చేశాడు.

"బండి ఈడికే తీసుకరాక్కా" అన్నాడు. "ఊరికే బోల్టు కొడితే నీళ్లు దిగతాయి. లోపలి పక్క కూడా ఫైబర్ అతికి, అది బాగా ఆరినాక బోల్టెయ్యాల."

చంద్రిక తలూపింది. కానీ నూలు ఎప్పుడైనా రావచ్చు, వస్తే తీరిక పోతుంది. ఇంటికి తెచ్చుకుని తానే డ్రిల్లింగ్ మిషనుతో బండి రెండు పక్కలా, నీటి మట్టానికి కిందే, కన్నాలు వేసి బోల్టులు బిగించింది. చుట్టూ బాత్రూము టైల్సుకు వాడే సిలికాన్ రాసింది. ఎందుకైనా మంచిదని లోపల నీళ్లు తోడే చిన్న పంపు కూడా పెట్టి, ఇంజను వైర్లకే దాని కనెక్షను కలిపింది. అన్న ఫోన్ చేసి ఏం చేశావని అడిగితే, "చాప ఏసినాను, తాడు కట్టినాను" అంది. అబద్ధం కాదు. మిగతాది చెప్పలేదు, అంతే.

మళ్లీ జలాశయానికి పోయిన ఆ పొద్దున తూర్పు గాలి కాస్త ఎక్కువగానే ఉంది. చంద్రిక బండి దించి, పడుకుని కదిలించి, మోకాళ్ల మీదికి వచ్చింది. పక్క రెక్కలు నీళ్లను పట్టుకున్నాయి. బండి ఒరగలేదు. ఒక కాలు ఎత్తింది. ఒరగలేదు. రెండో కాలూ ఎత్తి, హ్యాండిలు పట్టుకుని, నడుము వంచి, మెల్లగా నిటారయింది. ఆమె నిలబడింది. కింద నీళ్లు జారిపోతున్నాయి, ఎదురుగా కొండలు, మొహానికి గాలి. ఒడ్డున మురుగేష్ చేయి ఊపడం కనబడింది. తనూ ఒక చేయి ఎత్తబోయి, తూలి, మళ్లీ పట్టుకుంది. అలాగే ఇంకా ముందుకు, ఇంకా ముందుకు పోయింది. ఎంత దూరం పోయిందో చూసుకోలేదు.

వెనక్కి తిప్పబోతే మూతి తిరగలేదు. బరువుగా, బద్ధకంగా ఉంది. ఒక అల మూత మీదికి ఎక్కి అక్కడే నిలిచింది. ఇంజను మోత మారింది, దగ్గినట్టు రెండుసార్లు ఆగి ఆగి, మొత్తానికే ఆగిపోయింది. దాంతో తోడే పంపూ ఆగింది. బండి ఆగగానే మూతి కిందికి దిగడం మొదలైంది. చంద్రిక నీళ్లలో పడి తల తిప్పి చూసేసరికి, మూత మునిగి, వెనక తొట్టి ఒక్కటే పైకి లేచి నిలబడి ఉంది. బోల్టు కన్నాల దగ్గర నీళ్లు లోపలికి దిగాయి, మూతిలో తేల్చడానికి ఏమీ మిగల్లేదు. తేల్చే ఫోము నగరిలో పెరట్లో గుట్టగా పడి ఉంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. తడిసినా, బరువెక్కినా, బండి అడుక్కి పోకుండా పట్టుకునేది అదేనని.

ఒడ్డు దూరం. గాలి కట్టవైపు తోస్తోంది. ఈదగలననే అనుకుంది, కానీ చలికి పిక్క పట్టేసి కాలు చాచలేకపోయింది. జాకెట్టు ఆమెను తేలుస్తోంది. బండి వెనక కొక్కేన్ని ఒక చేత్తో పట్టుకుని, దాన్ని వదిలేయాలా పట్టుకోవాలా అని ఆలోచించింది. వదిలేస్తే మునిగిపోతుందేమో, పట్టుకుంటే తననూ లాగుతుందేమో. భయం అప్పుడు మొదలైంది. లోహిత మొహం గుర్తొచ్చింది. తిరుపతి హాస్టల్లో ఈపాటికి టిఫిను తింటూ ఉంటుంది.

ఒడ్డువైపు చూసింది. చెంగయ్య గుండ్రటి పుట్టి బయల్దేరింది. అలలకు ఊగుతూ, గిర్రున తిరుగుతూ వస్తోంది. అందులో ఇద్దరున్నారు. ఒకరు తెడ్డు వేస్తున్నారు. రెండో మనిషి పుట్టి నడిమధ్య చతికిలబడి, రెండు చేతులా అంచు పట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు. చేపలు పట్టేవాళ్లెవరూ అలా కూర్చోరు. కాస్త దగ్గరికి రాగానే చొక్కా గుర్తుపట్టింది. మురుగేష్.

తన భయం ఆ క్షణాన ఎటు పోయిందో పోయింది. మనిషికి ఈత రాదు, ఒంటి మీద జాకెట్టు లేదు. పుట్టి గాని తిరగబడితే?

"కదలొద్దు మామా" అని అరిచింది. "అట్లే కూసో."

పుట్టి దగ్గరికి వచ్చింది. మురుగేష్ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "లారీకి తాళం ఏసినానో లేదో గెవనం లేదు."

చంద్రికకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"అల్లుడా, తాడు నువ్వు అందియ్యాల" అన్నాడు చెంగయ్య తెడ్డు ఆపకుండా. "నేను తెడ్డు వొదిలితే పుట్టి తిరగతాది. లెయ్యొద్దు. మోకాళ్ల మీదే ముందుకి రా. పాపా, నువ్వు పుట్టి ఎక్కొద్దు, ఒరిగిపోతాది. అంచు పట్టుకోని నీళ్లల్లోనే రా."

మురుగేష్ ఒక చేయి అంచు నుంచి విడిపించుకున్నాడు. అదొక్కటీ చేయడానికే అతనికి చాలా సేపు పట్టింది. తర్వాత వల తాడు కొస అందించాడు. చంద్రిక దాన్ని బండి కొక్కేనికి రెండు ముళ్లు వేసి, పుట్టి అంచు పట్టుకుంది. అంచు మీద ఆమె చేయి పడగానే మురుగేష్ చేయి వచ్చి దాని మీద పడింది. ఒడ్డు చేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆమె వేళ్లు తిమ్మిరెక్కాయి. తియ్యమని ఆమె అడగలేదు.

కాళ్లకు బురద తగిలాక, ముగ్గురూ కలిసి బండిని ఒడ్డుకు లాగారు. మురుగేష్ అక్కడే బురదలో కూర్చుండిపోయాడు. చంద్రిక అతని పక్కన కూర్చుంది. చెంగయ్య బీడీ వెలిగించుకుని, "ఏం కాలేదు, అంతా బాగుండారు" అని తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. ఆ మాట విన్నాకే చంద్రికకు నిజంగా ఏమీ కాలేదని తెలిసొచ్చింది. చేతులూ కాళ్లూ తనవే. పక్కన మొగుడున్నాడు. ఎండ వీపు మీద వెచ్చగా పడుతోంది. ఒళ్లంతా ఒక్కసారిగా వదులై, అక్కడే పడుకోవాలనిపించింది.

"తిట్టు మామా" అంది కాసేపటికి.

"ఇప్పుడు ఓపిక లేదు" అన్నాడు మురుగేష్. "రేపు తిడతా." తర్వాత బండివైపు చూసి, "ఇది సచ్చిపోయినట్టేనా?" అని అడిగాడు.

అది వినగానే చంద్రిక లేచింది. నీళ్లు మింగిన ఇంజను ఈరోజే బాగు చేస్తే బతుకుతుంది, రేపటికైతే లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. పిక్క ఇంకా సలుపుతూనే ఉంది. కుంటుకుంటూ పోయి లారీలోంచి స్పానర్లు తెచ్చింది. లారీకి తాళం వేసే ఉంది. మురుగేష్ జేబులోంచి తాళం చెవి తీసి ఇస్తూ తనను తాను తిట్టుకున్నాడు. ప్లగ్గులు ఊడదీసి, బండిని ఒక పక్కకు ఒరిగించి, లారీ బ్యాటరీకి వైర్లు కలిపి తిప్పితే ప్లగ్గు కన్నాల్లోంచి నీళ్లు పిచికారీలా చిమ్మాయి. మళ్లీ మళ్లీ తిప్పి, కన్నాల్లో ఆయిలు పోసి, ప్లగ్గులు పాత గుడ్డతో తుడిచి బిగించింది. బండిని చెంగయ్య ఇంటికి చేర్చి, బావి పైపు తగిలించి బటన్ నొక్కింది. మొదటిసారి పలకలేదు. రెండోసారీ లేదు. తర్వాత తెల్లటి పొగ కక్కుకుంటూ అందుకుంది. ఆ మోతకు చెంగయ్య ఇంట్లోంచి కోళ్లు పరుగెత్తాయి. మురుగేష్ మొహంలో రంగు తిరిగొచ్చింది. తనకు నీళ్లంటే ఎంత భయమో, ఆ బండి చావకుండా ఉండాలని కూడా అంతే ఆశ ఉందని అప్పటిదాకా అతనికే తెలియదు.

చెంగయ్య భార్య రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. అంత ఆకలి చంద్రికకు ఎప్పుడూ వేయలేదు.

అన్నకు ఆరోజే ఫోన్ చేసి, ఈసారి అంతా చెప్పింది.

"ఇద్దరూ బాగుండారు గదా?" అన్నాడు యోగానంద.

"బాగుండాం అన్నా."

"అది సాలు. ఫోము తీసిన మొదటి మనిషివి నువ్వు కాదులే. మా దుకాణంలో కూడా ఒకడు తీసినాడు. అది సముద్రంలోనే ఉండాది ఇప్పటికీ."

చేసిందంతా విప్పడానికి, చేయడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది. పక్క రెక్కలు ఊడదీసి, బోల్టు కన్నాలన్నీ హరినాథ్ చేత లోపలా బయటా ఫైబర్‌తో పూడిపించింది. ఈసారి బాగా ఆరేదాకా బండి అక్కడే ఉంచింది. హరినాథ్ ఏమీ దెప్పలేదు, టీ మాత్రం ఆమె చేత ఇప్పించుకున్నాడు. కొత్త ఫోము ఎక్కడ దొరుకుతుందో మొదట తెలియలేదు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు చల్లటి గదులు కట్టేవాళ్లు గోడల మధ్య పోసే ఫోము ద్రవం ఉంటుందని హరినాథే చెప్పాడు. రెండు డబ్బాల ద్రవం కలిపి పోస్తే, పొంగి గట్టిపడి మూల మూలకూ అతుక్కుంది. నీళ్లు తోడే పంపును ఇంజనుతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపింది. రబ్బరు చాప, చేతి తాడు ఎలా ఉన్నవి అలాగే ఉంచింది.

మురుగేష్ తిడతానన్న తిట్లు తిట్టలేదు. ఒకరోజు మగ్గాల మోతలో ఆమె చెవి దగ్గరికి వచ్చి, "నువ్వు మళ్లీ దిగాలంటే ముందు నాకు ఈత నేర్పు" అన్నాడు. సరిగా వినబడలేదేమోనని చంద్రిక మగ్గం ఆపింది. అతను మళ్లీ అదే మాట అన్నాడు. "నువ్వు ఆడుంటే నేను ఒడ్డున ఉండలేను. పుట్టిలో ఉన్నా ఉండలేను. నాకు రావాల."

పల్లెలో పెద్దనాన్న కొడుకుల బావి ఉంది, మెట్లు దిగి నీళ్లలోకి పోవచ్చు. నడుముకు ఖాళీ నూనె డబ్బాలు కట్టి చంద్రిక అతన్ని దింపింది. నలభై దాటిన మనిషి, మొదటి వారం మెట్టు వదల్లేదు. ఆమె చేయి కింద పెట్టి వీపు ఆనించమంటే కర్రలా బిగుసుకుపోయేవాడు. "ఊపిరి తీసుకో మామా, ఆకాశం సూడు" అని చెప్పి చెప్పి ఆమెకు గొంతు పోయింది. ఒక మధ్యాహ్నం, ఎందుకో, అతని మెడ వదులైంది. చెవుల దాకా నీళ్లొచ్చినా కంగారు పడలేదు. చంద్రిక చేయి తీసేసింది. అతను వెల్లకిలా తేలుతూ, "సెయ్యి తీయొద్దు" అన్నాడు. "తీసి సానా సేపయినాది" అంది ఆమె. మురుగేష్ కళ్లు తిప్పి ఆమెను చూశాడు, మునిగాడు, దగ్గుతూ లేచాడు, మళ్లీ తేలతానన్నాడు.

యోగానంద వచ్చిన ఆదివారం బండి మళ్లీ జలాశయంలో దిగింది. ఈసారి ముగ్గురికీ జాకెట్లున్నాయి. చెంగయ్య పుట్టిని నీళ్లలో సిద్ధంగా ఉంచి, తాను ఒడ్డున కూర్చున్నాడు.

"పడతావు" అన్నాడు యోగానంద నడుముల్లోతు నీళ్లలో బండి వెనక పట్టుకుని. "పడితే ఏం కాదు, తాడుండాది, ఫోముండాది. సేతికి బయం ఎయ్యనీకు. వొత్తు."

చంద్రిక పడుకుంది, కదిలించింది, మోకాళ్ల మీదికి వచ్చింది. బండి ఎప్పటిలాగే పక్కకు ఒరగబోయింది. ఇదివరకైతే అక్కడ యాక్సిలేటరు మీద వేలు వదిలేసేది. ఇప్పుడు వదలకుండా ఇంకా నొక్కింది. వెనక నీళ్లు ఎగజిమ్మాయి, మూతి పైకి లేచింది, ఒరగబోతున్న బండి తనంతట తానే సర్దుకుని నిటారుగా నిలిచింది. ఏదో లోపలి నుంచి పట్టుకున్నట్టుంది. ఆమె లేచి నిలబడింది. మొదట వంగి, తర్వాత నిటారుగా. ఒడ్డు వెంబడే, కట్టకు ఎంతో ఇవతలే, పెద్ద వంపు తిప్పి వెనక్కి వచ్చింది. వాళ్ల దగ్గరికి రాగానే వేగం తగ్గించి, దబ్బున నీళ్లలో పడి, నవ్వుతూ లేచింది. ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి, జుట్టంతా మొహాన అతుక్కుంది.

"ఎట్లుండాది?" అన్నాడు మురుగేష్. అతను మెడ దాకా నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"బాగుండాది మామా." ఆమె ఊపిరి తీసుకుని బండివైపు చూసింది. "కడ్డీ ఇంకొంచెం పొడుగుంటే నడుము వొంగకుండా నిలబడొచ్చు అనిపిస్తాంది."

మగాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు యోగానందకు నవ్వొచ్చింది, తర్వాత మురుగేష్‌కు. చంద్రిక కూడా ఆపుకోలేకపోయింది.

"నన్ను అడగకుండా కొయ్యొద్దు" అన్నాడు యోగానంద కళ్లు తుడుచుకుంటూ.

"అడిగే కోస్తాలే అన్నా."

సాయంత్రం బండిని లారీ ఎక్కించి కట్టేసి, మొగుడూ పెళ్లాం నగరికి బయల్దేరారు. రోడ్డెక్కీ ఎక్కకముందే చంద్రిక తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. దారిలో ఒక టీ కొట్టు దగ్గర బోండాలు వేస్తున్నారు. మురుగేష్ లారీ ఆపి, ఆమెను లేపబోయి మానుకున్నాడు. మెల్లిగా తలుపు తీసుకుని దిగి, తాను ఒక టీ తాగి, ఆమె లేచాక తింటుందని వేడి వేడి బోండాలు పొట్లం కట్టించుకున్నాడు.